మేనేజర్‌కి పనేముంటుందని అడిగావుగా

డర్బన్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ వాసూ,

నీ మెసేజ్ ఇప్పుడే మళ్ళీ చదివాను. జిల్లా జూనియర్ కబడ్డీ జట్టుకి నిన్ను మేనేజర్‌గా వేశారని తెలిసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నువ్వు మాత్రం ఏదో పనిష్మెంట్ పోస్టింగ్ వచ్చినట్టు రాశావు. "కోచ్‌గా వేసినా బాగుండేదిరా, మేనేజర్‌కి పనేముంటుంది, రైలు టికెట్లు, భోజనాల బిల్లులు, అంతేగా" అన్నావు. ఆ ఒక్క ముక్క నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అందుకే ఫోన్ పక్కన పెట్టేసి తీరిగ్గా ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేనుండే ఈ దేశంలో మోర్నే డుప్లెసిస్ అని ఒకాయన ఉన్నాడు. మన ఐపీఎల్‌లో ఆడిన ఫాఫ్ డుప్లెసిస్ కాదు, ఇంటిపేరు ఒకటే. ఈయనది రగ్బీ. 1970ల్లో సౌత్ ఆఫ్రికా జట్టుకి, అంటే స్ప్రింగ్‌బాక్స్‌కి కెప్టెన్. 1995లో అదే జట్టుకి మేనేజర్. ఆటగాడిగా ఆయన ఎంత గొప్పవాడో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. నాకు మాత్రం ఆయన మేనేజర్‌గా చేసిన పనే ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది. కెప్టెన్‌గా ఆడిన రోజుల సంగతి తెలిస్తే గానీ ఆ పని విలువ అర్థం కాదు కాబట్టి ముందు అక్కడికి వెళ్దాం.

ఆయనది ఆటల కుటుంబం. తండ్రి ఫెలిక్స్ డుప్లెసిస్ 1949లో న్యూజిలాండ్ మీద సౌత్ ఆఫ్రికాకి కెప్టెన్సీ చేశాడు. ఆ సిరీస్ ముగిసి నెల తిరిగిందో లేదో, అక్టోబర్ 21న మోర్నే పుట్టాడు. తల్లి దేశపు మహిళల హాకీ జట్టుకి కెప్టెన్. మేనమామ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్. అలాంటి ఇంట్లో పుట్టినవాడు బంతి పట్టుకోకుండా ఎలా ఉంటాడు చెప్పు! ఆరడుగుల అయిదంగుళాల మనిషి. స్టెల్లెన్‌బాష్ యూనివర్సిటీలో చదివి, 1971లో సిడ్నీలో ఆస్ట్రేలియా మీద మొదటి టెస్ట్ ఆడాడు. రగ్బీలో టెస్ట్ అంటే రెండు దేశాల జట్ల మధ్య మ్యాచ్, క్రికెట్‌లోలా అయిదు రోజులు కాదు. ఆయన ఆడింది నంబర్ ఎయిట్ స్థానంలో. రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది తలలు కలిపి తోసుకుంటారు చూడు, ఆ గుంపులో అందరికంటే వెనక నిలబడేవాడన్న మాట. ముందు ఏం జరుగుతోందో మొత్తం కనిపించేది అతనికే. మొత్తం 22 టెస్టులు ఆడాడు. వాటిలో 15 టెస్టులకి కెప్టెన్. ఆ పదిహేనులో ఓడినవి రెండే రెండు. ఇంతవరకు స్ప్రింగ్‌బాక్స్‌కి కెప్టెన్లయిన తండ్రీకొడుకులు వీళ్ళిద్దరే.

రికార్డు అంత బాగుంది కదా. ఇక అసలు కథ విను.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఆయన ముత్తాతగారు ఎప్పుడో చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద విశాఖపట్నం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చారట. ఇక్కడ అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగు మాట్లాడటం రాకపోయినా ఇంట్లో "అమ్మమ్మ", "తాతయ్య" అనే పిలుచుకుంటారు, పండక్కి పులిహోర చేసుకుంటారు. ఈయనకి రగ్బీ అంటే ప్రాణం. ఒకరోజు సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి 1976 జులై 24 సంగతి చెప్పారు. ఇక్కడే డర్బన్‌లో, కింగ్స్ పార్క్ స్టేడియంలో, సౌత్ ఆఫ్రికాకి న్యూజిలాండ్‌తో మొదటి టెస్ట్. అప్పటికి ఆయన కుర్రాడు. తెల్లవాళ్ళు కానివాళ్ళకి స్టేడియంలో విడిగా ఒక మూల కేటాయించేవారు. ఆ మూలలో నిలబడి వీళ్ళంతా గొంతు పోయేలా అరిచింది ఎవరి కోసమనుకున్నావు? న్యూజిలాండ్ కోసం! సొంత దేశం పాయింట్లు కొడితే నోరు మెదిపేవారు కాదట. అవతలి జట్టు బంతి పట్టుకుంటే చాలు, పండగే. ఆ మ్యాచ్ 16-7తో సౌత్ ఆఫ్రికా గెలిచింది. కెప్టెన్ మోర్నే డుప్లెసిస్. "ఆయన మీద నాకు కోపం లేదు. ఆ ఆకుపచ్చ జెర్సీ మీద కోపం" అన్నారు పెద్దాయన.

ఆ కోపం ఊరికే రాలేదు. ఆ మ్యాచ్‌కి అయిదారు వారాల ముందు, జూన్ 16న, జొహానెస్‌బర్గ్ పక్కన నల్లజాతివాళ్ళు ఉండే సోవెటోలో బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆఫ్రికాన్స్ భాషలో, అంటే డచ్ మూలాలున్న తెల్లవాళ్ళ భాషలో, పాఠాలు చెప్పడం వద్దని ఊరేగింపు తీసిన పిల్లలు వాళ్ళు. దేశం అట్టుడికిపోతోంది. అయినా న్యూజిలాండ్ జట్టు వచ్చేసింది, టూర్ నడిచింది. దానికి నిరసనగా ఇరవైకి పైగా దేశాలు, ఎక్కువగా ఆఫ్రికా దేశాలే, మాంట్రియల్ ఒలింపిక్స్‌ని బహిష్కరించాయి. ఒక రగ్బీ టూర్ కోసం ఒలింపిక్స్ నుంచి అంతమంది అథ్లెట్లు వెనక్కి వెళ్ళిపోయారంటే ఆలోచించు. డుప్లెసిస్ మాత్రం ఆ సిరీస్‌ని 3-1తో గెలిచాడు. 1980లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు బ్రిటిష్ లయన్స్ వచ్చినప్పుడు కూడా 3-1. ఆ ఏడాది చివర్లోనే టెస్టులకి సెలవు చెప్పాడు.

స్టేడియంలో ఒక మూల నుంచి, బయట దేశమంతటా లక్షల ఇళ్ళ నుంచి, నువ్వు ఓడిపోవాలని కోరుకుంటుంటే నువ్వు దేశం తరఫున ఆడుతున్నావు. ఇది డుప్లెసిస్‌కి తెలియదనుకోను. గెలిచినప్పుడల్లా ఆ మూల నుంచి చప్పుడు లేకపోవడం మైదానంలో ఉన్నవాడికి వినపడదా? ఆడినవాడివి, నీకే బాగా తెలుస్తుంది. మన ఊళ్ళో ఆడినప్పుడూ పక్కూళ్ళో ఆడినప్పుడూ నీ కూతలో తేడా ఉండేది కదా.

వర్ణవివక్ష పోయేదాకా సౌత్ ఆఫ్రికాతో ఆడకూడదన్న బహిష్కరణ తర్వాత ఇంకా బిగిసింది. 1987లో మొదటి ప్రపంచకప్, 1991లో రెండోది, రెండింటిలోనూ సౌత్ ఆఫ్రికా లేదు. 1990 ఫిబ్రవరిలో మండేలా జైలు నుంచి విడుదలై కేప్ టౌన్‌లో మాట్లాడిన రోజు, పరేడ్ మైదానంలో నిండిపోయిన జనంలో డుప్లెసిస్ కూడా ఉన్నాడు. స్ప్రింగ్‌బాక్ మాజీ కెప్టెన్ ఆ గుంపులో నిలబడి ఉండటం మామూలు విషయం కాదు. ఆ తర్వాత 1992 ఆగస్టులో న్యూజిలాండ్‌తో మళ్ళీ మ్యాచ్ పెట్టారు. వర్ణవివక్ష కాలం నాటి జాతీయగీతం పాడకూడదని ముందే మాట అనుకున్నారు. జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో జనం ఎలుగెత్తి అదే పాడారు, పాత జెండాలే ఊపారు. ఏళ్ళ తరబడి తలుపులు మూసి ఉంచి ఒక్క అవకాశం ఇస్తే ఇలా చేశారేమిటని నల్లజాతి నాయకులు మండిపడ్డారు.

1995 ప్రపంచకప్ సొంతగడ్డ మీద. మండేలా అప్పటికి ఏడాదిగా ప్రెసిడెంట్. కోచ్ కిచ్ క్రిస్టీ, కెప్టెన్ ఫ్రాన్స్వా పినార్. మేనేజర్‌గా డుప్లెసిస్. ఇప్పుడు నీ ప్రశ్నకి వచ్చాం. టీమ్ సెలక్షన్, ప్రాక్టీసు, ఎత్తులు అన్నీ క్రిస్టీ చూసుకున్నాడు. మరి డుప్లెసిస్‌కి మిగిలిందేమిటి? హోటళ్ళు, బస్సులు, ప్రెస్సువాళ్ళు, బోర్డు పెద్దలు, క్రమశిక్షణ కమిటీలు. నువ్వు చెప్పిన లిస్టే! వాటితో పాటు, ఎవరూ ఆయనకి రాసివ్వని పని ఇంకొకటి ఉంది. తను వేసుకున్నప్పుడు దేశంలో ఎక్కువమంది అసహ్యించుకున్న జెర్సీని ఇప్పుడు వాళ్ళందరి జెర్సీ చెయ్యడం. దాన్ని ప్రసంగాలతో చెయ్యలేమని ఆయనకి తెలుసు. అందుకే చిన్న చిన్న పనులు పెట్టుకున్నాడు.

మొదటిది పాట. అప్పట్లో ఈ దేశానికి రెండు జాతీయగీతాలు. ఒకటి తెల్లవాళ్ళ కాలం నాటిది. రెండోది నల్లజాతివాళ్ళు పోరాటమంతా పాడుకున్న "న్కోసి సికెలెలి ఆఫ్రికా". జట్టులో చాలామంది ఆఫ్రికాన్స్ కుటుంబాల కుర్రాళ్ళు, రైతుబిడ్డలు. చిన్నప్పటి నుంచి ఆ పాటని తిరుగుబాటుదారుల పాటగానే విన్నవాళ్ళు. ఆ పాట ఉన్న కోసా అనే నల్లజాతివాళ్ళ భాష వాళ్ళ నోటికి తిరగదు. మైదానంలో ఆ పాట వస్తున్నప్పుడు మన కుర్రాళ్ళు నోరు మూసుకుని నిలబడితే జనానికి ఎలా ఉంటుందో డుప్లెసిస్ ముందే ఊహించాడు. కోసా భాష నేర్పే టీచరమ్మని పిలిపించాడు. ఆవిడ ఒక్కో మాటా విడదీసి పలికించి, అర్థం చెప్పి, రాగం కట్టి పాడించింది. నూట ఇరవై కిలోల మనుషులు, మెడలు దుంగల్లా ఉన్నవాళ్ళు, కాగితం చేత్తో పట్టుకుని చిన్నపిల్లల్లా పాఠం అప్పజెప్పడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది. ప్రాక్టీసు షెడ్యూల్‌లో ఈ క్లాసుకి టైం కేటాయించింది కోచ్ కాదురా, మేనేజర్.

రెండోది రోబెన్ దీవి. జట్టు కేప్ టౌన్‌లో ఉన్నప్పుడు అందరినీ పడవ ఎక్కించి తీసుకెళ్ళాడు. మండేలా తన 27 ఏళ్ళ జైలుజీవితంలో 18 ఏళ్ళు గడిపిన చోటు. ఆ గది నేనూ చూశాను వాసూ. చేతులు చాపితే రెండువైపులా గోడలు తగిలేటంత. నేల మీద చాప, ఒక చిన్న బల్ల, మూల ఒక బకెట్, ఇనుప చువ్వల కిటికీ. నాలాంటి మామూలు ఒళ్ళువాడికే ఊపిరాడనట్టు అనిపించింది. ఆ ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా, ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్ళి నిలబడ్డారు. జేమ్స్ స్మాల్ అని దూకుడుకీ గొడవలకీ పేరుపడ్డ వింగర్, ఆ రోజు అక్కడ ఏడ్చేశాడు. ఒక్క లెక్చర్ ఇవ్వకుండా, ఎవరి కోసం ఆడుతున్నారో చూపించాడు డుప్లెసిస్. ఒక పడవ ప్రయాణం ఏర్పాటు చేశాడు, అంతే. నువ్వు రైలు టికెట్లన్నావు చూడు, ఆయన చేసిందీ టికెట్ల పనే.

ఇవి కాక మామూలు తలనొప్పులు ఎలాగూ ఉన్నాయి. ప్రారంభ మ్యాచ్‌లో ఆస్ట్రేలియాని 27-18తో ఓడించి మంచి ఊపులో ఉండగా, పోర్ట్ ఎలిజబెత్‌లో కెనడాతో మ్యాచ్‌లో కొట్లాట జరిగింది. ఆట మొదలుకాక ముందే ఫ్లడ్‌లైట్లు పోయి ఆలస్యం. ఆడుతుంటే పిడిగుద్దులు. రిఫరీ ముగ్గురిని బయటికి పంపేశాడు. వాళ్ళలో మనవాడు జేమ్స్ డాల్టన్. తర్వాత వీడియో చూసి వింగర్ పీటర్ హెండ్రిక్స్‌ని కూడా సస్పెండ్ చేశారు. ఇద్దరికీ ప్రపంచకప్ అయిపోయింది. అలాంటి రాత్రి ఆ కుర్రాళ్ళ మొహాలు చూడాల్సింది, కమిటీకి జవాబు చెప్పాల్సింది, పొద్దున్నే ప్రెస్సు ముందు కూర్చోవాల్సింది ఎవరనుకున్నావు? కోచ్ అప్పటికే తర్వాతి మ్యాచ్ ఆలోచనలో ఉంటాడు.

ఆ హెండ్రిక్స్ జాగాలోకి గాయం నుంచి కోలుకున్న చెస్టర్ విలియమ్స్ వచ్చాడు. జట్టులో తెల్లవాడు కాని ఆటగాడు అతనొక్కడే. ఊరూరా పోస్టర్ల మీద ముఖం అతనిదే. వచ్చీరాగానే క్వార్టర్ ఫైనల్లో వెస్ట్రన్ సమోవా మీద నాలుగు ట్రైలు కొట్టాడు. ట్రై అంటే బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి ఆనించడం. అంతకుముందు ఏ స్ప్రింగ్‌బాకూ ఒక టెస్ట్‌లో నాలుగు కొట్టలేదు. మా పెద్దాయన ఆ మ్యాచ్ టీవీలో చూస్తూ కుర్చీలోంచి లేచి నిలబడిపోయారట. ఒక మాట మాత్రం ఇక్కడే చెప్పాలి, దాస్తే అబద్ధం అవుతుంది. 2002లో వచ్చిన తన జీవితకథలో విలియమ్స్, తోటి తెల్ల ఆటగాళ్ళ నుంచి జాతి దూషణలు ఎదుర్కొన్నానని చెప్పాడు. బయట పోస్టర్ మీద నవ్వుతున్న మనిషి లోపల ఒంటరిగా ఉన్నాడన్న మాట. పాట నేర్పించినంత మాత్రాన, దీవికి తీసుకెళ్ళినంత మాత్రాన అన్నీ సర్దుకుపోవు. అలా అని ఆ పనులు వృథా అని నేననను. అవి మొదలు. మొదలుపెట్టడానికి కూడా ఒక మనిషి కావాలి.

ఇక సెమీఫైనల్. జూన్ 17, డర్బన్, కింగ్స్ పార్క్. అవును, అదే స్టేడియం. దానికి ముందురోజు జూన్ 16, సోవెటో పిల్లల్ని తలుచుకునే రోజు. ఆ రోజు మండేలా ఇదే రాష్ట్రంలో ఎజఖేనిలో సభ పెట్టాడు. నెత్తిన స్ప్రింగ్‌బాక్ టోపీ! టోర్నమెంట్‌కి ముందు ప్రాక్టీసు దగ్గరికి వచ్చినప్పుడు హెన్నీ లె రూ అనే ఆటగాడు ఇచ్చిన టోపీ అది. ఈ టోపీ మన కుర్రాళ్ళ గౌరవం కోసం, రేపు ఫ్రాన్స్‌తో ఆడుతున్నారు, వాళ్ళు మనవాళ్ళు అని చెప్పాడు. 1976లో ఆ రోజు దేనికి గుర్తో, ఆ టోపీ దేనికి గుర్తో తెలిసినవాళ్ళ ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! ప్రాక్టీసు మైదానంలో ఇచ్చిన టోపీ ఆ సభ దాకా వెళ్ళింది.

మర్నాడు డర్బన్‌లో కుండపోత. గ్రౌండ్ చెరువైంది. ఆట మొదలవడం గంటకు పైగా ఆలస్యమైంది. ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని మైదానంలోకి వచ్చి నీళ్ళు తోశారు, ఆ వీడియో తప్పకుండా చూడు. మ్యాచ్ రద్దయితే ఫ్రాన్స్ ఫైనల్‌కి వెళ్ళిపోయేది. ఎందుకో తెలుసా? క్రమశిక్షణ రికార్డు వాళ్ళదే మెరుగు. డాల్టన్ రెడ్‌కార్డు పుణ్యాన మనది పాడైంది. కెనడా మ్యాచ్‌లో ఒక్క నిమిషం కోపం ప్రపంచకప్ మొత్తాన్ని మింగేసేదే. మేనేజర్‌కి ఆ గంటసేపు ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో! చివరికి ఆట జరిగింది, 19-15తో గెలిచారు. ఆఖరి క్షణాల్లో ఫ్రాన్స్ ఆటగాడు బెనాజీ గీతకి అంగుళాల దూరంలో ఆగిపోయాడు. మా పెద్దాయన ఆ రోజు తన కొడుకుని తీసుకుని స్టేడియంకి వెళ్ళారు. ఈసారి ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. ఒళ్ళంతా తడిసి ముద్దయి, జీవితంలో మొదటిసారి సౌత్ ఆఫ్రికా గెలవాలని అరిచానని చెప్పారు. అంత పెద్దమనిషి ఆ మాట చెప్పి కాసేపు ఆగారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేనేమీ అడగలేదు.

ఫైనల్ గురించి నీకు కొంత తెలిసే ఉంటుంది. జూన్ 24, ఎల్లిస్ పార్క్. 1992లో ఆ పాత పాట పాడిన స్టేడియమే. అవతల మళ్ళీ న్యూజిలాండ్. జోనా లోము అనే బండరాయి లాంటి కుర్రాడు అందరినీ తొక్కుకుంటూ వచ్చాడు అప్పటిదాకా. మండేలా పినార్ వేసుకునే ఆరో నంబర్ ఆకుపచ్చ జెర్సీ తొడుక్కుని వచ్చాడు. ఎక్కువగా తెల్లవాళ్ళే ఉన్న ఆ స్టేడియం మొత్తం "నెల్సన్, నెల్సన్" అని అరిచింది. జట్టు రెండు పాటలూ పాడింది. పినార్ నోట మాత్రం మాట రాలేదు, ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు. ఆట ముగిసేసరికి 9-9, అదనపు సమయంలో 12-12. అప్పుడు జోయెల్ స్ట్రాన్స్కీ బంతిని నేలకి తాకించి తన్నిన డ్రాప్ గోల్‌తో 15-12. ఆ పదిహేను పాయింట్లూ స్ట్రాన్స్కీవే. ఒక్క ట్రై కూడా పడని ఫైనల్, అయినా ఊపిరి బిగబట్టి చూశాన్రా.

1996 తర్వాత డుప్లెసిస్ ఆ మేనేజర్ పదవిలో లేడు. కేప్ టౌన్‌లో డాక్టర్ టిమ్ నోక్స్‌తో కలిసి స్పోర్ట్స్ సైన్స్ సంస్థ పెట్టింది కూడా ఈయనే. ఆటల ద్వారా పేదపిల్లల కోసం పనిచేసే లారియస్ ఫౌండేషన్‌ని ఈ దేశంలో నడిపించాడు. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. ఆ ప్రపంచకప్ ఫొటోల్లో ఆయన్ని వెతుక్కోవాలి.

ఇప్పుడు నీ సంగతి. నీ జట్టులో పన్నెండు మంది పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కొందరు ఏజెన్సీ ఊళ్ళ నుంచి, కొందరు టౌన్ స్కూళ్ళ నుంచి. ఒకరి యాస చూసి ఇంకొకరు నవ్వుతారు, ఒకరి టిఫిన్ డబ్బా చూసి ఇంకొకరు మొహం చిట్లిస్తారు. నువ్వూ నేనూ ఆ బస్సుల్లో ఎక్కినవాళ్ళమే, ఎవరు ఎవరి పక్కన కూర్చునేవారో ఎవరు చివరి సీట్లో ఒంటరిగా ఉండేవారో నీకు నేను చెప్పక్కర్లేదు. కోచ్‌కి వాళ్ళ కాళ్ళు, చేతులు, పట్లు కనిపిస్తాయి. ఆ చివరి సీటు నీకే కనిపించాలి. రూములు నువ్వే కేటాయిస్తావు కదా, ఒకే ఊరివాళ్ళని ఒకే రూములో పెట్టకు. అందరూ ఒకే పంక్తిలో భోంచేసేలా చూడు. గొడవపడి కార్డు తెచ్చుకున్నవాడిని ఆ రాత్రి ఒంటరిగా వదలకు. స్టేట్ మీట్ ఏ ఊళ్ళో జరుగుతుందో అక్కడ ఆ పిల్లలు చూడాల్సిన చోటు ఒకటి ఉంటే, సగం పూట మిగుల్చుకుని తీసుకెళ్ళు. కోచ్ గునుస్తాడు, గునవనీ.

టీమ్ లిస్టు వచ్చిన రోజు నాకు పంపు, పేర్లతో పాటు ఊళ్ళు కూడా రాసి పంపు. షూస్ కొనే డబ్బు దగ్గర అసోసియేషన్ వాళ్ళు నసిగితే మొహమాటపడకుండా చెప్పు, ఇక్కడ నేనూ మన బ్యాచ్ వాళ్ళిద్దరూ కలిసి చూసుకుంటాం. సైజులు మాత్రం నువ్వే దగ్గరుండి కొలిపించు, పిల్లలు సిగ్గుపడి తప్పు సైజు చెప్తారు.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. మోకాలి నొప్పి ఎలా ఉందో అడిగానని చెప్పు. చెల్లాయిని అడిగానను. సంక్రాంతికి టికెట్ దొరికితే వస్తాను.

నీ
ప్రసాద్